ఓదెలు కూలనిచ్చిన కప్పు

నల్లగుట్ట బొగ్గుబాయి కాలనీలో ఓదెలు అనే పనిమంతుడు ఉండేవాడు, ఏదైనా కాస్త ఒరుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా ఊరుకోవడం అతనికి చేతకాదు.

అతని పనే అలాంటిది. భూమి లోపల బొగ్గు తవ్వినకొద్దీ గుహలాంటి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీకి నెత్తిన ఉండే బండను బాయిలో, అంటే గనిలో, కప్పు అంటారు. ఆ కప్పు కిందికి రాకుండా గుంజలు నిలబెట్టేవాడు ఓదెలు. గుంజ పెట్టేముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా పలికితే లోపల విడిపోయింది, దాని కింద మనిషి నిలబడకూడదు. ఓదెలు విని బాగుందన్నాక ఎవరూ మళ్లీ కొట్టి చూసేవాళ్లు కాదు. అతను గుంజ పెట్టిన చోట ఒక్క మనిషికి గీత కూడా పడలేదని కాలనీ అంతా చెప్పుకునేది. కాలనీ కంటే ఓదెలు ఇంకాస్త ఎక్కువ చెప్పుకునేవాడు.

చెప్పుకోనివ్వండి. పని వచ్చినవాడు చెప్పుకుంటే తప్పేమీ లేదు, పని రానివాళ్ల గొప్పలే మనం రోజూ వింటున్నాం. చిక్కు ఎక్కడంటే, షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. బీరతీగ వాలితే ఊతం పెట్టేవాడు. పక్కింటి దడి ఒరిగితే వాళ్లు అడగకముందే గుంజ పాతేవాడు. తల్లి రాజవ్వ మంచం కోడు కదిలితే దాని కింద చెక్క దూర్చేవాడు. ఒక్కగానొక్క కూతురు అఖిల నడక నేర్చే రోజుల్లో వెనకాలే వంగి వంగి నడిచి నడుము పట్టేయించుకున్నాడు. ఆ పిల్ల పలకమీద అక్షరం రాస్తే సున్నా వంకర పోయిందని చెయ్యి పట్టి దిద్దేవాడు. అన్నం ముద్ద నోటికి తీసుకుపోతుంటే జారుతుందేమోనని కింద అరచెయ్యి పట్టేవాడు.

భార్య సరోజన నవ్వేది. "ఆ ముద్దకు సుత ఒక గుంజ పెట్టరాదు" అనేది.

అఖిల తండ్రిని చూసి ఒక విద్య మాత్రం బాగా పట్టుకుంది. చేతిలో చెక్క గరిటె, చెవి గోడకు. బిందెలు, తలుపులు, బియ్యం డబ్బా, అన్నీ కొట్టి వినేది. "గట్టిగనే ఉన్నది" అనో "డొల్ల" అనో తీర్పు చెప్పేది. ఒకసారి రాజవ్వ నెత్తిమీద కొట్టి డొల్ల అన్నది. ఆ రోజు ఇంట్లో జరిగిన రభస కాలనీ చివరి వరుస దాకా వినిపించింది.

ఎండలు ముదిరిన ఒకనాడు షిఫ్టు నడుమ సైరన్ మోగింది. వేళకు మోగే సైరన్‌కు ఆ కాలనీలో ఎవరూ తలెత్తరు. వేళ కాని వేళ మోగితే మాత్రం ఆడవాళ్లు చేతిలో ఉన్నది అక్కడే పడేసి బాయి గేటు దగ్గరికి పరుగెత్తుతారు. సరోజన కూడా పరుగెత్తింది, కాళ్లకు చెప్పులు లేకుండా. వాకిట్లో ఆడుకుంటున్న అఖిల "అవ్వా" అని పిలిచింది. తల్లి వెనక్కి తిరగలేదు.

ఓదెలు గుంజ పెట్టడానికి వెళుతున్న చోట, అతని చెయ్యి తగలకముందే కప్పు కూలింది. అందులో ఎవరి తప్పూ లేదు. భూమి ఒక్కోసారి ఎవరికీ చెప్పకుండా కదులుతుంది. తోటివాళ్లు బండలు ఒక్కొక్కటే తొలగించి అతన్ని బయటికి తెచ్చారు. ప్రాణం దక్కింది. కాలు విరిగింది.

చిన్నపిల్లకు ఇదంతా ఎందుకని ఇంట్లో పెద్దలు తీర్మానం చేశారు. పెద్దల తీర్మానాలు చాలావరకు పెద్దల సుఖం కోసమే ఉంటాయి. బాపు మంథనిలో మేనత్త ఇంటికి పోయాడని అఖిలకు చెప్పారు. దవాఖాన నుంచి సిమెంటు కట్టుతో వచ్చాక, తొవ్వలో బండి మీద నుంచి పడ్డాడని చెప్పారు. చూడటానికి వచ్చిన చుట్టాలు గుసగుసగా మాట్లాడుకునేవారు. అఖిల గడప దగ్గర కనబడగానే అందరి నోళ్లూ ఒక్కసారి మూతపడేవి. ఆ పిల్ల ఆ నోళ్లను చూసేది, సిమెంటు కట్టును చూసేది, పైన రేకులను చూసేది. తరువాత నెమ్మదిగా వాకిట్లోకి వెళ్లిపోయేది.

అట్లా వెళ్లిన పిల్ల మళ్లీ లోపలికి రాలేదు.

మొదట్లో ఎవరూ గమనించలేదు. ఎండాకాలం కాలనీ మొత్తం వాకిట్లోనే పండుకుంటుంది. అన్నం బయటే తింటానంటే చల్లగాలికి కాబోలు అనుకున్నారు. తరువాత మాట కూడా ఆగింది. గరిటెతో గోడలు కొట్టేది, చెవి పెట్టేది, తీర్పు మాత్రం చెప్పేది కాదు. పక్కింటి పిల్ల టీవీ చూద్దాం రమ్మని లోపలికి గుంజితే దాని చెయ్యి కొరికింది. రాజవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది, మెడలో తాయెత్తు కట్టింది. పిల్ల తాయెత్తును కూడా గరిటెతో కొట్టి విన్నది.

వానలు తెచ్చే మిరుగం కార్తె దగ్గర పడింది. బడి తెరిచే రోజూ దగ్గర పడింది. బడికీ కప్పు ఉంటుంది. వానలు మొదలైతే ఇంటి కప్పు కిందికి రాని పిల్లను ఎక్కడ పెట్టుకోవాలి? గొడుగు పట్టినా ఎగిరి అవతలికి దూకుతోంది. సరోజన ఆకాశం వైపు మబ్బు చూసినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకునేది. ఓదెలు మంచం మీద పడుకొని వాకిట్లోకే చూస్తూ ఉండేవాడు. ఇన్ని కప్పులు నిలబెట్టిన మనిషి కూతురు ఒక్క కప్పునూ నమ్మడం లేదు. కాలు నొప్పి కంటే అది అతన్ని ఎక్కువ తినేది.

దవాఖాన డాక్టరు వాళ్లను తబస్సుమ్ దగ్గరికి పంపాడు. మనసు దెబ్బతిన్న పిల్లలకు ఆటలతో వైద్యం చేయడం తబస్సుమ్ చదువుకున్న చదువు. దవాఖాన వెనక ఒక గది నిండా ఆమె బొమ్మలు పెట్టుకుంది. గుడ్డ బొమ్మలు, మట్టి జంతువులు, తోలు పాము, లారీలు, వంట గిన్నెలు, పెద్ద తొట్టె నిండా గోదావరి ఇసుక. కాలనీలో చాలామంది అది దవాఖాన గదో, జాతర దుకాణమో తేలక తలుపులోంచి తొంగిచూసి వెళ్లేవాళ్లు.

రాజవ్వకు ఆ వైద్యం నచ్చలేదు. "ఆడిపిస్తే నయమైతదట" అన్నది. "ఇన్నేండ్లు దాన్ని ఆడిపిచ్చింది నేను కాదా? నాకు ఇయ్యలేదు ఎవరూ డాక్టరు పట్టా."

తబస్సుమ్‌కు కోపం రాలేదు. ఆమె చెప్పిన సంగతి ఇది. పెద్దవాళ్లకు గుండెమీద బరువు పడితే పదిమందితో చెప్పుకుంటారు, ఏడుస్తారు, తిడతారు. చిన్నపిల్లలకు అంత మాట ఉండదు. వాళ్ల మాటలు బొమ్మలు. వాళ్లకు ఏమైందో బొమ్మల చేత చెప్పిస్తారు. చాలాసార్లు చెప్పించి, చెప్పించి, బరువు దించుకుంటారు. పెద్దవాళ్లు చేయాల్సింది ఒక్కటే, పక్కన కూర్చొని చూడటం. దారి పిల్లది, పెద్దలు వెనక నడవాలి. దిద్దకూడదు. ప్రశ్నలతో పొడవకూడదు. ఆట ఇష్టం లేని చోటికి పోయినా అడ్డం పడకూడదు.

వినడానికి ఎంత తేలికగా ఉంది. ఒక పూట చేసి చూడండి.

అఖిల ఆటగది గడప దగ్గర ఆగి, గోడను గరిటెతో కొట్టి, వెనక్కి తిరిగింది. తబస్సుమ్ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. నలుగురి సాయంతో ఇసుక తొట్టెనే మోయించి బయట వెలుతురులో పెట్టించింది. బొమ్మల బుట్ట దాని పక్కన పెట్టింది. కప్పు కిందికి పిల్ల రాకపోతే ఆకాశం కిందికి గది వచ్చింది. ఆ పని చూడటానికి దవాఖాన ప్రహరీ మీద పది తలలు మొలిచాయి. ఓదెలును కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు ఉన్న కాలు స్టూలు మీద పెట్టారు.

అఖిల చాలాసేపు బుట్టలోకి చూసింది. ఒక చిన్న గుడ్డ బొమ్మను తీసింది. సీసా మూత ఒకటి దాని నెత్తిన టోపీలా పెట్టింది. ఇసుకను తడిపి గుట్ట చేసి, చెయ్యి దూర్చి సొరంగం తవ్వింది. బొమ్మను సొరంగంలో కూర్చోబెట్టింది. తరువాత అరచెయ్యి ఎత్తి గుట్ట మీదికి తెచ్చింది.

ఓదెలు చెయ్యి ఎప్పుడు కదిలిందో ఓదెలుకే తెలియదు. ఐస్‌క్రీం పుల్లలు రెండు తీసి సొరంగం లోపల చెరో పక్క నిలబెట్టేశాడు. బాయిలో పెట్టినట్టే, నిక్కచ్చిగా. "ఇట్ల పెడితే పడది బిడ్డా" అన్నాడు. ఆ పుల్లలు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే, అంత చక్కగా ఉన్నాయి.

అఖిల ఎత్తిన చెయ్యి దించుకుంది. పుల్లల వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. బొమ్మను అక్కడే వదిలేసి, గోడ నీడకు దూరంగా పోయి ఎండలో కూర్చుంది. ఆ రోజు ఇక తొట్టె దగ్గరికి రాలేదు.

మరోసారి వచ్చినప్పుడు ఓదెలు చేతులు కట్టుకొని కూర్చున్నాడు, నోరు కట్టుకోలేకపోయాడు. ఇసుక ఇంకాస్త తడుపు, పక్కన దన్ను లేదు, ఆ మూల పగులుతోంది చూడు, అంటూనే ఉన్నాడు. అఖిల ఒక గుప్పెడు ఇసుక తీసి అతని ముఖాన కొట్టింది. ప్రహరీ మీది తలలు ముసిముసిగా నవ్వాయి. అయ్యే ఓదెలన్నా, నీ బిడ్డే నిన్ను పూడ్చేటట్టున్నదని ఎవరో వెక్కిరించారు.

ఓదెలుకు అవమానం ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ తబస్సుమ్ మీద విరుచుకుపడ్డాడు. నా బిడ్డ కండ్ల ముందు కప్పు కూలుతుంటే చూసుకుంట కూసోవాలా, ఇదేం వైద్యం అన్నాడు. "నేనుండంగ కప్పు పడుడు ఉండది మేడం. ఇసుకదైనా సరే."

తబస్సుమ్ అతనికి నీళ్ల గ్లాసు ఇచ్చి, తాగేదాకా ఆగింది. తరువాత మెల్లగానే చెప్పింది.

"కప్పు పడ్డది, ఓదెలన్నా. మీ ఇంట్లో అందరికి తెలుసు. కాలనీ అంతటికి తెలుసు. ఆ పిల్లకు సుత తెలుసు, సైరన్ ఇన్నది, తల్లి ఉరుకుడు చూసింది. పడలేదు పడలేదని మీరే చెప్తున్నరు. అందుకే ఇప్పుడది ఏ కప్పునూ నమ్ముతలేదు, మీ మాటను సుత నమ్ముతలేదు."

ఓదెలు గ్లాసు కింద పెట్టాడు. సరోజన గోడ వైపు తిరిగి నిలబడింది. రాజవ్వ కొడుకు ముఖాన మిగిలిన ఇసుకను కొంగుతో తుడిచింది.

ఓదెలు గొంతు తగ్గించి అడిగాడు, మరి నన్నేం చెయ్యమంటవు అని. ఆ మాటే అడగండని తబస్సుమ్ అన్నది. నన్ను కాదు, మీ బిడ్డను. అది ఆడుతున్నప్పుడు చెయ్యి ఆగకపోతే చెయ్యి కింద పెట్టుకొని కూర్చోండి. నోరు ఆగకపోతే ఆ ఒక్క మాటే అడగండి.

తెల్లవారుజాము నుంచి ఆకాశం నల్లబడుతూ ఉన్న రోజున మళ్లీ వచ్చారు. గాలి చల్లగా తిరుగుతోంది. తొట్టెను లోపల పెట్టేద్దామని దవాఖాన ఆయా అన్నది. తబస్సుమ్ వద్దన్నది. వాన వచ్చేలోపు ఏదో ఒకటి తేలాలన్న ఆత్రం సరోజన ముఖంలో ఉంది. ఆ రోజు ప్రహరీ మీద తలలు ఇంకా ఎక్కువే మొలిచాయి. ఊరికే దొరికే వినోదాన్ని మన జనం ఎన్నడు వదులుకున్నారు?

ఓదెలు ఈసారి కుర్చీ వద్దన్నాడు. కాలు చాపుకొని నేలమీదే తొట్టె పక్కన కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

అఖిల సొరంగం తవ్వింది. సీసా మూత టోపీ పెట్టుకున్న బొమ్మను లోపల పెట్టింది. చెయ్యి ఎత్తింది. తండ్రి వైపు చూసింది. కదులుతాడేమోనని చాలాసేపు చూసింది.

సొరంగం పక్కన సన్నటి పగులు ఓదెలుకు కనిపిస్తూనే ఉంది. ఎక్కడ పుల్ల పెడితే నిలబడుతుందో కూడా తెలుస్తూనే ఉంది. తొడల కింద వేళ్లు పిడికిళ్లయ్యాయి. ఎందరి ప్రాణాలో కాసిన చేతులు అవి. అవి చేసిన పనుల్లోకెల్లా కష్టమైన పని ఆ రోజు ఏమీ చేయకుండా ఉండటం.

అఖిల అరచెయ్యి దించింది. గుట్ట కూలింది. బొమ్మ కనబడకుండా పోయింది.

"కప్పు కూలింది" అని తబస్సుమ్ అన్నది, జరిగింది జరిగినట్టు. ఎవరో ఒకరు ఆ మాట తనతోనే పైకి అనడం ఆ పిల్లకు అదే మొదలు. అఖిల తలెత్తి ఆమె వైపు చూసింది.

ఓదెలు కూతురి వైపు వంగాడు. "నన్నేం చెయ్యమంటవు బిడ్డా?"

అఖిల లేచింది. తొట్టె బయట నేలను వేలితో చూపింది. పండుకొమ్మని సైగ చేసింది. ఓదెలు పండుకున్నాడు. పిల్ల దోసిళ్లతో ఇసుక తెచ్చి అతని కాళ్ల మీద పోసింది. కట్టు మీద పోసింది, మోకాళ్ల మీద పోసింది, నడుము దాకా పోసింది. ప్రహరీ మీద నవ్వులు మొదలయ్యాయి. పిల్లకు ఒక పిచ్చి, తండ్రికి రెండు పిచ్చులు అన్నారు ఎవరో. రాజవ్వ గిరుక్కున తిరిగి, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం, మీ పొయ్యిల మీద కూర మాడుతోంది పోయి చూసుకోండని కసిరింది. తలలు ఒక్కటొక్కటే దిగిపోయాయి. ఆ ముసలమ్మను ఇప్పటిదాకా నేను చాలా మాటలన్నాను గానీ, ఆ ఒక్క కసురుకు ఆమెను నెత్తిన పెట్టుకోవచ్చు.

ఓదెలుకు మాత్రం ఆ నవ్వులు వినిపించనేలేదు. కాళ్లమీద బరువు ఎక్కుతుంటే అతనికి బాయిలోని చీకటి గుర్తొచ్చింది. నోట్లో దుమ్ము రుచి తగిలింది. లేచి దులిపేసుకుని పారిపోవాలనిపించింది. ఇన్నాళ్లూ పిల్ల భయం అనుకుంటున్నది సగం తనదేనని అతనికి అప్పుడు తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కదలలేదు.

ఇసుక పోయడం ఆగింది.

తరువాత చిన్న చేతులు తవ్వడం మొదలుపెట్టాయి. ముందు మెల్లగా, తరువాత ఆత్రంగా. గరిటె తెచ్చి తవ్వింది. మోచేతుల దాకా ఇసుక చేసుకొని తవ్వింది. ముక్కు కారుతోంది, వెంట్రుకలు కళ్లలో పడుతున్నాయి, అయినా ఆగలేదు. తల్లి సాయానికి ఒక అడుగు ముందుకు వేస్తే, ఓదెలే కళ్లు తెరిచి వద్దని తల ఊపాడు. ఎన్నడూ ఒకరి పని చూస్తూ ఊరుకోని ఓదెలు, ఇంకొకరిని ఆపాడు. అది చూసి తబస్సుమ్ తల దించుకొని నవ్వుకుంది.

కట్టు తేలింది. కాళ్లు రెండూ తేలాయి. అఖిల గరిటె వెనక్కి తిప్పి, సిమెంటు కట్టు మీద టక్కుటక్కున కొట్టింది. చెవి ఆనించి విన్నది. పైకి జరిగి తండ్రి ఛాతీ మీద కొట్టింది. చెవి అక్కడ పెట్టి చాలాసేపు ఉంచింది.

"గట్టిగనే ఉన్నది" అన్నది.

సరోజన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల ఛాతీ మీద నుంచి తల ఎత్తకుండానే ఇంకో మాట అడిగింది.

"బాపూ, కప్పు నీ మీద పడ్డదా?"

అదే అసలు పరీక్ష. సరోజన కళ్లతోనే వద్దు వద్దంటోంది. ఓదెలు భార్య వైపు చూశాడు, కూతురు నెత్తి వైపు చూశాడు. ఈ పిల్ల నిజం మోయలేదని కింద అరచెయ్యి పట్టడం ఎంత తేలిక. ఇన్నాళ్లూ చేసింది అదే.

"పడ్డది బిడ్డా" అన్నాడు.

"బుగులైందా? భయమైందా?"

"అయింది. మస్తు బుగులైంది. నిన్నే యాది చేసుకున్న."

అఖిల ఆలోచించింది. "నాక్కూడ అయింది" అన్నది. అప్పుడు ఏడ్చింది. సైరన్ మోగిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా తండ్రి చొక్కా మీద ఏడ్చింది. ఓదెలు ఆ ఏడుపునూ ఆపలేదు. ఊరుకో అనలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు, అంతే.

పెద్ద పెద్ద చినుకులు పడటం మొదలైంది. అందరూ ఆటగది వైపు నడిచారు. ఓదెలు కర్రల మీద వెనకగా వచ్చాడు. గడప దగ్గర అఖిల ఆగిపోయింది. గరిటెతో ద్వారబంధాన్ని కొట్టి విన్నది. గరిటె తండ్రికి ఇచ్చింది. అతనూ కొట్టి విన్నాడు, బాయిలో విన్నట్టే, కళ్లు మూసుకొని.

ఎన్నడూ పడదా అని అడిగింది పిల్ల. ఎన్నడూ పడదని చెప్పడం ఓదెలుకు నోటి చివరే ఉంది. మింగేశాడు. "ఇయ్యాల గట్టిగున్నది బిడ్డా. ఎప్పుడు అనుమానమొస్తే అప్పుడు కొట్టి చూద్దాం" అన్నాడు.

పిల్ల ఒక కాలు గడప లోపల పెట్టింది, ఒక కాలు వానలో ఉంచింది. అట్లాగే నిలబడింది. ఎవరూ లోపలికి గుంజలేదు, ఎవరూ శభాష్ అని అరవలేదు. రాజవ్వ కూడా వానలో తడుస్తూ నిలబడింది, నోరు మూసుకొని. కాసేపటికి రెండో కాలు కూడా లోపలికి వచ్చింది.

ఒక్క వానతో అంతా చక్కబడిందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. అబద్ధాల సంగతి ఇప్పుడే కదా చూశాం. ఆ తరువాత కూడా అఖిల వారం వారం ఆటగదికి వచ్చింది. కొన్ని రోజులు ఒక్క మాటా మాట్లాడేది కాదు. కొన్ని రోజులు ఇంట్లో మంచం గడప పక్కనే వేయించుకునేది. ఇసుక గుట్ట కట్టడం, కూల్చడం, బొమ్మను తవ్వి తీయడం, అదే ఆట. ఓదెలు ప్రతిసారీ పక్కన కూర్చున్నాడు. ఎన్ని కప్పులు కూలినా కదలలేదు. కాలనీలో అతన్ని ఎరిగినవాళ్లకు అది నమ్మశక్యం కాలేదు. ఎవరైనా వెటకారం చేస్తే, నేను ఇప్పుడు కొత్త పని నేర్చుకుంటున్న, మీకు చేతనైతే వచ్చి కూసోండి అనేవాడు. ఎవరూ వచ్చి కూర్చోలేదు.

ఇంట్లో అబద్ధాలు కూడా ఆగిపోయాయి. సైరన్ ఎందుకు మోగుతుందో, ఎవరెవరు బండలు తీశారో ఓదెలు కూతురికి చెప్పాడు. తనను బయటికి తెచ్చిన మనుషుల పేర్లు అఖిలకు నోటికి వచ్చాయి. వాళ్లు కాలనీలో ఎదురుపడితే పరుగెత్తిపోయి పలకరించేది.

ఒకనాడు గుట్ట కట్టి, సొరంగం తవ్వి, బొమ్మను లోపల పెట్టి, అఖిల చెయ్యి ఎత్తలేదు. గుట్టను అటు నుంచి ఇటు నుంచి పరికించి చూసింది. బుట్టలో వెతికి ఐస్‌క్రీం పుల్లలు తీసింది. ఒక పక్క తానే నిలబెట్టింది. అది వంకరగా నిలబడింది. ఓదెలు చూశాడు, ఏమీ అనలేదు. రెండో పుల్ల తండ్రి చేతికి ఇచ్చింది.

"బాపూ, ఈ పక్క నువ్వు పెట్టు."

ఓదెలు జీవితంలో చాలా గుంజలు పెట్టాడు. ఆ పుల్ల పెట్టడానికి తీసుకున్నంత సేపు ఏ గుంజకూ తీసుకోలేదు. పెట్టాడు. వంకర పుల్లా, నిలువు పుల్లా రెండూ కలిసి గుట్టను మోశాయి. తబస్సుమ్ అప్పుడు మాత్రం తన నియమం తానే తప్పింది, చప్పట్లు కొట్టింది.

కాలు నయమై ఓదెలు మళ్లీ బాయికి వెళ్లే రోజు వచ్చింది. సరోజన ముఖం పాలిపోయింది. అఖిల బడి సంచి భుజాన వేసుకొని, చేతిలో గరిటెతో, తండ్రి వెంట కాలనీ గేటు దాకా నడిచింది. షిఫ్టుకు పోయే కార్మికులంతా చూస్తున్నారు. వంగమన్నది. ఓదెలు వంగాడు. అతని నెత్తిన ఉన్న టోపీని టక్కున కొట్టి, చెవి పెట్టి విన్నది.

"మంచిగున్నది. పో బాపూ. లోపలికి పోయినంక నువ్వు సుత కొట్టి చూసుకో."

ఆ మాటకు చుట్టూ ఉన్న కార్మికులు నవ్వారు. ఈసారి ఆ నవ్వులో వెక్కిరింత లేదు. వాళ్లలో ఒకడు తానూ వచ్చి తల వంచి నిలబడ్డాడు, నాదీ చూడు బిడ్డా అని. అతని వెనక ఇంకొకడు నిలబడ్డాడు. అఖిల ప్రతి టోపీనీ శ్రద్ధగా కొట్టి, విని, తీర్పు చెప్పి పంపింది. తరువాత వెనక్కి తిరిగి, గేటు ఎదురుగా ఉన్న బడికి పరుగెత్తి, కప్పు కింద తన చోట కూర్చుంది. ఓదెలు గేటు దగ్గర నిలబడి చూశాడు. వెనకాల పరుగెత్తలేదు, జాగ్రత్త అని అరవలేదు. ఛాతీ మాత్రం రెండింతలైంది. ఆ ఛాతీని ఆ సమయంలో ఎవరు కొట్టి విన్నా ఖంగుమనేది.

పిల్లలు తమ భయాన్ని ఆటలో ఆడుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా, అబద్ధం చెప్పకుండా పక్కన కూర్చోవాలి. పడ్డదాన్ని తమ చేతులతో తవ్వి తీసిన పిల్లలే మళ్లీ నమ్మకంగా నిలబడతారు. పెద్దల ఆసరా, వాళ్లు అడిగినప్పుడు అందిస్తేనే ఆసరా.